వెడల్పు లేని గట్టు

జులై రెండో వారం, ఏడో తరగతి.
ముప్పై ఒక్క మంది, పదకొండు జామెట్రీ పెట్టెలు.
మూడింట్లో వృత్తలేఖినికి ముల్లు లేదు.
ఒకదాంట్లో కోణమానిని ఉండాల్సిన చోట
వేయించిన చింతగింజలు.

బోర్డు మీద చుక్క పెట్టాను.
"ఇది బిందువు. పొడవు లేదు, వెడల్పు లేదు, మందం లేదు."
పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్న మాట,
నాలుక మీద దొర్లి దొర్లి నున్నబడ్డ మాట.
గీత గీశాను.
"ఇది రేఖ. దీనికి పొడవే, వెడల్పు లేదు."

మూడో బెంచీ చివర పామంజి వెంగమాంబ లేచింది.
ఆదివారాలు కయ్యల్లో దిగే పిల్ల,
మడమల్లో ఉప్పు కోసిన పగుళ్ళు.
"సార్, వెడల్పు లేకపోతే
దాని మీద మా నాయన ఎట్టా నడిచేది?"

అందరూ నవ్వారు.
నేనూ నవ్వబోయి ఆగాను.
ఆ పిల్ల నవ్వలేదు.

మర్నాడు ఎండ ముదరకముందే
హెడ్మాస్టరు సంతకం పెట్టించుకుని
ఇసకపల్లి ఉప్పు కయ్యలకు నడిపించాను.
అక్కడికి సముద్రం కనబడదు, వినబడుతుంది, అంతే.
కయ్య పక్కన కయ్య, దాని పక్కన కయ్య,
ఎవరో పెద్ద గళ్ళ లుంగీ ఉతికి
నేల మీదే ఆరేసి పోయినట్టు.

వెంగమాంబ నాయన పోలయ్య పార పక్కన పెట్టాడు.
"లెక్కలయ్యోరా, ఈడ ఏముందని చూపించేది?"
"కొత్త కయ్యకి మూల ఎట్టా తీస్తావు?" అన్నాను.
నోటితో చెప్పలేదు. తాడు తెచ్చాడు.
రెండు కొసలూ కలిపి కట్టిన తాడు,
సమానదూరాన పన్నెండు ముళ్ళు.
ఒక ముడి మస్తాన్ చేతికి, ఒకటి సుచరితకి, ఒకటి నాకు.
ఇటు మూడు, అటు నాలుగు, అడ్డంగా అయిదు.
"లాగండి."
తాడు బిగిసింది.
ఎవరూ గీయకుండానే
మా మధ్య లంబకోణం వచ్చి నిలబడింది.

"మా తాత తాడు," అన్నాడు.
మళ్ళీ తనే దిద్దుకున్నాడు:
"తాడు ఎన్నోసార్లు మారిందిలే. ముళ్ళు ఆయనవి."

ఆ సిద్ధాంతం పిల్లలకు ఇంకా చాలా దూరంలో ఉంది,
పై తరగతిలో, పేరూ నిరూపణా వెంటబెట్టుకుని.
నా సంచిలోని పుస్తకం సంగతి తెలియదు గానీ
నాకు మాత్రం కొంచెం సిగ్గేసింది.

మస్తాన్ గూటం పాతి, తాడు పట్టుకుని
మడమతో బురదలో వృత్తం గీయబోయాడు.
ముప్పావు చుట్టు తిరిగి జారి పడ్డాడు.
"మిగతాది ఊహించుకోండి సార్," అన్నాడు పడుకునే.

గట్టు మీద కూర్చున్నాం.
వెంగమాంబ నా అరచేతిలో ఒక ఉప్పుగల్లు పెట్టింది.
"మూలలు లెక్కపెట్టండి."
ఎనిమిది. తాడు లేదు, ముడి లేదు,
అన్నీ మట్టంగానే ఉన్నాయి.
"దీనికి ఎవురు తీశారు సార్?"
తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

తర్వాత తనే అంది, కాళ్ళు ఊపుతూ:
"ఈ గట్టు సగం మాది,
సగం బుజ్జయ్య మామోళ్ళది.
సగం అయిపోయే కాడ ఏముంది సార్?"
వంగి చూశాం అందరం.
ఎండిన మన్ను. ఒక పీత బొక్క.
బొక్కకి ఇటువైపూ మన్నే, అటువైపూ మన్నే.
"ఏమీ లేదు," అన్నాడు మస్తాన్.
"ఏమీ లేదు," అంది వెంగమాంబ.
"దానికోసమే పోయినేడు తలకాయలు పగలగొట్టుకున్నారు.
మా నాయనకి నాలుగు కుట్లు."

పోలయ్య అవతలికి తిరిగి
పార అందుకున్నాడు.

ఆ రోజు హోంవర్కులో ఆమె రెండు వాక్యాలు రాసింది:
గట్టుకు వెడల్పు ఉన్నది.
సరిహద్దుకు లేదు.
ఎర్ర సిరా కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను,
అయిదు మార్కులకి ఎన్ని వేయాలో తోచక.

జేబులో వేసుకున్న ఉప్పుగల్లు
సాయంత్రం బడి విడిచేసరికి చెమటకి కరిగిపోయింది.
చొక్కా మీద తడి చుక్క మిగిలింది.
బిందువే.
పొడవూ వెడల్పూ రెండూ ఉన్నాయి దానికి.